తిడతారన్న భయం ఉంటే ఏ బిడ్డా నోరు విప్పదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, బడి పిల్లలకు ఇంటర్నెట్‌లో ఎలా మసలుకోవాలో నేర్పడం గురించే. రాసినవారిలో టీచర్లున్నారు, తల్లిదండ్రులున్నారు, పిల్లలు కూడా ఉన్నారు. కంప్యూటర్ టీచర్‌గా రోజూ ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఈ విషయానికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు, ఊళ్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నేను లెక్కల టీచర్‌ని. ఈ ఏడాది ఎనిమిదో తరగతికి వారానికొక డిజిటల్ సిటిజన్‌షిప్ (ఆన్‌లైన్‌లో బాధ్యతగా మసలుకోవడం) పీరియడ్ పెట్టి నాకు అప్పగించారు. ఏమేం చేయకూడదో వరుసగా రాసి స్లైడ్లు తయారు చేశాను. పది నిమిషాలకే పిల్లలు ఆవలింతలు మొదలుపెడుతున్నారు. ‘ఇవన్నీ మాకు తెలుసు మిస్’ అంటున్నారు. నిజంగానే నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసేమో. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: వాళ్లు చెప్పింది నిజమేనండీ. కొత్తవాళ్లతో మాట్లాడకూడదని, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పిల్లలకు కంఠతా వచ్చు. వచ్చినా మోసపోతారు. ఎందుకంటే స్నేహితుడి అకౌంట్ నుంచే ‘ఒరేయ్, ఈ పోటీలో నాకు ఓటెయ్యరా, నీ నంబర్‌కి ఒక కోడ్ వస్తుంది, అది పంపు’ అని మెసేజ్ వస్తుంది. ఆ క్షణంలో పిల్లవాడికి మీ స్లైడు గుర్తు రాదు, స్నేహితుడే గుర్తొస్తాడు.

అందుకని స్లైడ్లు పక్కన పెట్టి, పీరియడ్‌కు ఒక్క సందర్భం చొప్పున తీసుకోండి. ఈ మెసేజ్‌నే బోర్డు మీద రాయండి. దీన్ని పంపిందెవరు, వాళ్లకు కావలసిందేమిటి, ఆ కోడ్ దేనికి పనికొస్తుంది అని అడగండి. ఆ కోడ్ మన అకౌంట్‌ను ఇంకో ఫోన్‌లో తెరవడానికి వచ్చిందని, స్నేహితుడి అకౌంట్ అప్పటికే వేరేవాళ్ల చేతికి చిక్కిందని తరగతిలో ఎవరో ఒకరు కనిపెడతారు. మీరు చెప్పకండి, వాళ్ల నోటినుంచే రానివ్వండి.

తర్వాతి వారం ఇద్దరిద్దరిని జత చేసి, మిమ్మల్ని బోల్తా కొట్టించగల మెసేజ్ ఒకటి కాగితం మీద రాయమనండి. నా క్లాసులో ఒక కుర్రాడు రాసినది ఇది: ‘మేడమ్, మీరు అప్‌లోడ్ చేసిన మార్కుల షీట్‌లో ఒక విద్యార్థి పేరు రెండుసార్లు పడింది. సాయంత్రం 4 లోపు ఈ లింక్‌లో సరిచేయండి. లేకపోతే ఆ విద్యార్థి రిజల్ట్ ఆగిపోతుంది.’ టీచర్‌ని ఏది కంగారు పెడుతుందో వాడికి బాగా తెలుసు. పైనుంచి మాట వస్తుందన్న భయం, దగ్గరపడిన గడువు, తన వల్ల ఒక పిల్లవాడు నష్టపోతాడన్న బాధ, మూడూ రెండు లైన్లలో ఇమిడ్చాడు. వాటిని విడదీసి బోర్డు మీద రాశాం. అప్పట్నుంచి ఆ క్లాసు పిల్లలు ఏ మెసేజ్ వచ్చినా ముందు ‘ఎంత తొందర పెడుతున్నాడు?’ అని చూస్తున్నారు. (రాసిన కాగితాలను పీరియడ్ అయ్యేలోపు చించేయించండి. నిజంగా ఎవరికైనా పంపి చూద్దామన్న సరదా పుట్టకూడదు.)

ఏ సందర్భం తీసుకున్నా చివర ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ‘సరే, కోడ్ పంపేశావు. ఇప్పుడేం చేస్తావు?’ నా లెక్కలో ఈ సబ్జెక్టు మొత్తంలో ఇంతకు మించిన ప్రశ్న లేదు. చేయకూడని పనుల జాబితాలో దీనికి జవాబు దొరకదు. వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి, మిగతా డివైస్‌లన్నిటి నుంచీ లాగవుట్ చేయాలి, టూ స్టెప్ వెరిఫికేషన్ (అకౌంట్‌కు రెండో తాళం లాంటిది) పెట్టుకోవాలి, ‘నా పేరుతో వచ్చే మెసేజ్‌లు నమ్మకండి’ అని స్నేహితులకు ఫోన్ చేసి చెప్పాలి. ఇవన్నీ ఒక ఫోన్‌లో చేసి చూపించండి. ఆ తర్వాత పెద్దవాళ్లలో ఒకరికి చెప్పాలి. ఇక్కడికి వచ్చాక కాసేపు ఆగండి.

తలా ఒక చిన్న చీటీ ఇచ్చి, పేరు వేయకుండా, ‘ఇలాంటిది జరిగితే నేను ఎవరికి చెబుతాను?’ అన్నదానికి జవాబు రాయమనండి. అమ్మ, అక్క, పీఈటీ సార్ అని రాస్తారు. కొన్ని చీటీలు ఖాళీగా వస్తాయి. కొన్నిటి మీద ‘ఎవరికీ చెప్పను’ అని ఉంటుంది. ఎందుకు చెప్పరని అడిగి చూడండి. ‘తిడతారు, ఫోన్ తీసేసుకుంటారు’ అంటారు. జరిగిన మోసం కన్నా ఆ తర్వాత తినబోయే చీవాట్లే వాళ్లకు పెద్ద భయం. ఆ భయంతో దాచిన ఒకటి రెండు రోజుల్లోనే అసలు నష్టం జరిగిపోతుంది.

కాబట్టి పాఠం మొదలుపెట్టే ముందే మీ హెచ్‌ఎం గారితో కూర్చుని ఒక మాట తీసుకోండి. తనంతట తాను వచ్చి చెప్పిన బిడ్డకు ఆ రోజు శిక్ష ఉండదు, ఫోన్ లాక్కోవడం ఉండదు, ముందు సాయం చేస్తాం అని. ఆ మాట పిల్లలకు చెప్పండి. తల్లిదండ్రుల మీటింగ్‌లోనూ చెప్పి, వాళ్లనూ ఒప్పించండి. తప్పు చేసినవాళ్లను వదిలేస్తామా అని ఒకరిద్దరు అడుగుతారు. తప్పొప్పుల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు నిప్పు ఆర్పాలి కదా అని చెప్పండి.

ప్రశ్న: మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు పాస్‌వర్డ్‌లు ఒకరికొకరు చెప్పేసుకుంటున్నారు. చెప్పకపోతే ‘నా మీద నమ్మకం లేదా’ అని అలుగుతున్నారు. ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. – ఒక క్లాస్ టీచర్

జవాబు: ఆ వయసులో స్నేహం కంటే పెద్దది ఏదీ లేదు. ‘రేపు గొడవపడితే ఏం చేస్తావు?’ అని మీరు అంటే, ఆ స్నేహాన్నే శంకించినట్టు వాళ్లకు అనిపిస్తుంది, చెవికెక్కదు. నేను ఇంకో రకంగా చెబుతాను. నీ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఇంకొకరు ఉన్నారంటే, నీ అకౌంట్‌లో ఏం జరిగినా మొదటి అనుమానం ఆ అమ్మాయి మీదికే పోతుంది. తను ఏ పాపం ఎరగకపోయినా సరే. కాబట్టి ‘నీ మీద మాట రాకూడదనే చెప్పడం లేదే’ అనవచ్చు. పిల్లలకు నిజంగా కావలసింది ఇలా మొహమాటం లేకుండా తప్పించుకునే మాట ఒకటి. అది ఇస్తే వాడుకుంటారు.

ఇక పాస్‌వర్డ్ ఎలా ఉండాలన్నది. పై ఉత్తరం రాసిన లెక్కల టీచర్ గారికి కూడా ఇది పనికొస్తుంది, ఆవిడ నాకంటే బాగా చెప్పగలరు. బోర్డు మీద ఆరు వరసలు, ఆరు నిలువు గళ్లు గీయండి. 36 గళ్లలోనూ పిల్లల చేత ఒక్కో మాట రాయించండి: చీమ, గొడుగు, రంపం, నెలవంక, ఏదైనా సరే. రెండు పాచికలు వేస్తే ఒకటి వరసను, ఇంకొకటి నిలువు గడిని చూపిస్తుంది. అలా నాలుగుసార్లు వేసి నాలుగు మాటలు తీసుకోండి. ‘రంపం చీమ నెలవంక గొడుగు’ లాంటిది వస్తుంది. పిల్లలు నవ్వుతారు, మరచిపోరు. ఇలాంటివి ఎన్ని వస్తాయో లెక్క కట్టమనండి. 36ను నాలుగుసార్లు గుణిస్తే 16,79,616. కంప్యూటర్‌కు ఇది చాలా చిన్న అంకె అని చెప్పి, అదే పట్టికలో 1296 మాటలు ఉంటే ఎంతవుతుందో అడగండి. 2 లక్షల 82 వేల కోట్లు దాటుతుంది. నాలుగు మాటలే, పట్టిక పెరిగిందంతే. ఈ పద్ధతిని ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 1995లో డైస్‌వేర్ పేరుతో తెచ్చారు. ఆయన పట్టికలో 7776 మాటలుంటాయి. ఒక్కో మాటకు పాచిక ఐదుసార్లు వేయాలి. పెద్ద అకౌంట్లకు అలాంటి పట్టికతో ఐదారు మాటలు తీసుకోవడం మంచిది. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసుకోవచ్చు.

మాటలను పాచికే ఎంచాలి, మనం ఎంచకూడదు. మనం ఎంచితే పేరు, పుట్టినరోజు, అభిమాన హీరో దగ్గరికే పోతాం. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు బయటపడ్డప్పుడు, వాటిలో అందరికంటే ఎక్కువ మంది పెట్టుకున్నది 123456. ఒకచోట పోయిన పాస్‌వర్డ్‌ను దొంగలు మిగతా సైట్లన్నిటిలోనూ వేసి చూస్తారు. అందుకే దేనికి దానికి వేరే పాస్‌వర్డ్ ఉండాలి.

నెలకోసారి పాస్‌వర్డ్ మార్చుకోమని మాత్రం చెప్పకండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ సలహాను వెనక్కి తీసుకుంది. బలవంతంగా మార్పిస్తే జనం చివర 1 తీసి 2 పెడతారు, అంతే. బయటపడిందని తెలిసినప్పుడు మార్చుకుంటే చాలు. అన్నీ గుర్తుండవంటే పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నిటినీ భద్రంగా దాచిపెట్టే యాప్) వాడొచ్చు. చిన్న పిల్లలైతే ఇంట్లో ఉండే ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. మనం భయపడే ఆన్‌లైన్ దొంగ మన ఇంటి బీరువా దగ్గరికి రాడు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలు సొంతంగా పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మాయి ఫోటోను స్టిక్కర్లుగా మార్చి ఏడిపించారు. ఆ అమ్మాయి బడికి రావడం మానేసింది. చేసింది ముగ్గురు, చూసింది క్లాసంతా. ముగ్గురినీ అసెంబ్లీలో నిలబెట్టి క్షమాపణ చెప్పించాలని కొందరు టీచర్లు అంటున్నారు. అసలు గ్రూపులే నిషేధించాలని తల్లిదండ్రులు అంటున్నారు. మీరేమంటారు? – ఒక హెచ్‌ఎం

జవాబు: అసెంబ్లీ వద్దండీ, దయచేసి వద్దు. ఆ అమ్మాయి ఫోటో సంగతి ఇప్పుడు ఒక క్లాసుకే తెలుసు. అసెంబ్లీ పెడితే బడంతా ‘ఏ ఫోటో, ఏ ఫోటో’ అని వెతుకుతుంది. క్షమాపణ పేరుతో రెండోసారి ఆ బిడ్డనే నిలబెట్టినట్టవుతుంది.

మొదట ఆ అమ్మాయి ఇంటికి వెళ్లండి, లేదా తనకు బాగా దగ్గరైన టీచర్‌ను పంపండి. ఏం జరిగిందో తన నోటితో చెప్పుకోనివ్వండి. ఏం జరగాలని కోరుకుంటోందో కూడా అడగండి. మన పెద్దవాళ్లం అది అడగడమే మరచిపోతాం. కొందరు పిల్లలకు క్షమాపణ కావాలి, కొందరికి ఆ ముగ్గురి మొహం చూడకుండా ఉంటే చాలు, కొందరికి వాళ్లమ్మకు తెలియకపోతే చాలు. అన్నీ తీర్చలేకపోవచ్చు, కానీ తెలియకుండా నిర్ణయం తీసుకోకూడదు. ఏదైనా తీయించే ముందు స్క్రీన్‌షాట్లు, తేదీలు, ఎవరు పంపారన్నది భద్రపరచండి. ముందే గ్రూపు తీయించేసి ఉంటే, ఆ అమ్మాయి ఫోన్‌లోనో తన స్నేహితురాలి దగ్గరో మిగిలి ఉన్నాయేమో చూడండి.

ఆ ముగ్గురితోనూ ముగ్గురు టీచర్లు విడివిడిగా, ఒకే రోజు, ఒకే సమయంలో మాట్లాడండి. కలిపి కూర్చోబెడితే ఒకరి మొహం ఒకరు చూసుకుని ‘సరదాకి చేశాం సార్’ అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ఒంటరిగా ఉన్నప్పుడు ‘ఆ స్టిక్కర్ వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఆన్‌లైన్‌లో ఉందని నీకు కనిపించిందా?’ అని అడగండి. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. ఎదుటి మనిషి మొహం కనిపించకపోవడమే ఆన్‌లైన్‌లో సగం క్రూరత్వానికి కారణం. ఆ మొహాన్ని వాళ్ల కళ్లముందుకు తేవడమే మన పని. శిక్ష ఏమిటన్నది మీ బడి నియమాలను బట్టి ఉంటుంది, ఉండాలి కూడా. స్టిక్కర్లు మాత్రం పంపినవాళ్లు చెరిపితే పోవు. చూసినవాళ్ల ఫోన్లలో సేవ్ అయి ఉంటాయి. క్లాసులో అందరి చేతా తీయించండి.

ఇప్పుడు క్లాసంతా చూసింది అన్నారే, అసలు పాఠం అక్కడుంది. కెనడాలో హాకిన్స్, పెప్లర్, క్రెయిగ్ అనే పరిశోధకులు బడి మైదానాల్లో పిల్లలను గమనించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడిపించడం జరుగుతున్నప్పుడు తోటి పిల్లల్లో ఒకరు కలగజేసుకుంటే, సగానికి పైగా సందర్భాల్లో 10 సెకన్లలోపే అది ఆగిపోయింది. అది మైదానం, ఇది ఫోన్, తేడా ఉంది. అయినా ఒక గ్రూపులో వరసగా నవ్వు ఎమోజీలు పడుతున్నప్పుడు మధ్యలో ఎవరైనా ‘ఇక చాలు, తీసేయండి’ అంటే ఆ నవ్వులు సన్నబడడం నేను చూశాను.

అలా అనడం కష్టమే. రేపు తన ఫోటోయే స్టిక్కర్ అవుతుందేమోనన్న భయం ఉంటుంది. అందుకని ధైర్యవంతులకు ఒక పని, భయస్తులకు ఒక పని నేర్పండి. గ్రూపులో అనలేని పిల్ల ఆ అమ్మాయికి విడిగా ‘నేను నవ్వలేదు. రేపు నీ పక్కన కూర్చుంటా’ అని రాయొచ్చు. ఒక టీచర్‌కు స్క్రీన్‌షాట్ చూపించొచ్చు. కనీసం ఎమోజీ పెట్టకుండా ఉండొచ్చు. గ్రూప్ అడ్మిన్ అయితే తొలగించే అధికారం తన చేతిలోనే ఉంది, దాన్ని ఎప్పుడు వాడాలో క్లాసులో చర్చించండి. అమ్మాయి తిరిగి వచ్చే రోజు గేటు దగ్గర నుంచి క్లాసు దాకా ఎవరు తోడుంటారు, పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది ముందే ఏర్పాటు చేయండి. ఆ మొదటి గంట గడిస్తే మిగతాది కుదుటపడుతుంది.

నిషేధం గురించి. బడి వేళల్లో ఫోన్ వద్దంటే దానికి నేను ఒప్పుకుంటాను. సాయంత్రం ఇంట్లో గ్రూపు ఉండకూడదంటే మాత్రం అది జరిగే పని కాదు. ఇంకో గ్రూపు పెట్టుకుంటారు, ఈసారి అందులో ఏం జరిగినా మీకు చెప్పేవాళ్లు ఉండరు. పిల్లల హక్కుల ఐక్యరాజ్యసమితి కమిటీ 2021లో డిజిటల్ ప్రపంచంలో పిల్లల హక్కుల మీద ఇచ్చిన వ్యాఖ్యానంలో రక్షణతో పాటు సమాచారం పొందే హక్కును, భావాలు చెప్పుకునే హక్కును, ఆటల హక్కును కూడా చేర్చింది. డిజిటల్ సిటిజన్‌షిప్‌ను తొమ్మిది అంశాలుగా విడదీసిన అమెరికన్ విద్యావేత్త మైక్ రిబుల్ పట్టికలోనూ భద్రత ఒక్క అంశమే. మర్యాద, హక్కులూ బాధ్యతలూ, ఆరోగ్యం లాంటివి మిగతావి. మీ తల్లిదండ్రులకు ఈ మాట చెప్పి చూడండి.

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతి. నా ఫ్రెండ్‌కి ఇన్‌స్టాలో ఒక అమ్మాయి పరిచయమైంది. ఫోటో పంపమంటే పంపాడు. ఇప్పుడు డబ్బులివ్వకపోతే వాడి ఫాలోయర్లందరికీ పంపిస్తామని బెదిరిస్తున్నారు. వాడు నిద్రపోవడం లేదు. ఇంట్లో చెబితే చంపేస్తారంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: నాన్నా, నీ స్నేహితుడు నీకు చెప్పాడంటే చాలా మంచి పని చేశాడు. నువ్వు రాయడం ఇంకా మంచి పని. ఇది వాడికి ఈ రోజే చదివి వినిపించు.

డబ్బు ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే ఆగరు, ఇస్తాడని తెలిసి ఇంకా అడుగుతారు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఇక ఇవ్వొద్దు. ఇంకో ఫోటో పంపొద్దు. బతిమాలొద్దు. వాళ్ల ప్రొఫైల్, యూజర్ నేమ్, బెదిరింపు మెసేజ్‌లు, డబ్బు అడిగిన వివరాలు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. తర్వాత ఆ అకౌంట్‌ను యాప్‌లో రిపోర్ట్ చేసి బ్లాక్ చేయాలి. చాట్ డిలీట్ చేయొద్దు, తన అకౌంట్ కూడా డిలీట్ చేయొద్దు. పోలీసులకు అవి కావాలి.

అవతల ఉన్నది చాలావరకు అమ్మాయి కాదు, ఇదే పనిగా పెట్టుకున్న ముఠా. ఒకేసారి ఎంతోమందితో ఇదే మాటలు మాట్లాడుతుంటారు. డబ్బు కోసం జరిగే ఈ రకం బెదిరింపుల్లో ఎక్కువగా చిక్కుకుంటున్నది 14 నుంచి 17 ఏళ్ల అబ్బాయిలేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. వాడు ఒక్కడే తెలివితక్కువగా చేశాడని అనుకోవద్దని చెప్పు. నేరం చేసింది బెదిరించేవాళ్లు.

ఫోటో బయటికి పోతుందన్న భయానికి ఒక సాయం ఉంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ 2022 చివర ‘టేక్ ఇట్ డౌన్’ అనే సేవ మొదలుపెట్టింది. 18 ఏళ్లలోపు తీసిన ఫోటోల కోసం అది. ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు, ఏ దేశం నుంచైనా వాడొచ్చు. ఫోటోను వాళ్లకు పంపాల్సిన పనే లేదు. మన ఫోన్‌లోనే ఆ ఫోటో నుంచి హ్యాష్ అనే ఒక అంకెల వరస తయారవుతుంది, అదొక్కటే వాళ్లకు చేరుతుంది. ఆ వరసను ఈ ఏర్పాటులో చేరిన ప్లాట్‌ఫామ్‌లకు ఇస్తారు. అదే ఫోటోను ఎవరైనా అక్కడ పెట్టబోతే అవి గుర్తుపట్టి ఆపగలవు. అన్ని యాప్‌లూ ఇందులో లేవు, రహస్యంగా నడిచే ఎన్‌క్రిప్టెడ్ చాట్‌లలో ఇది పనిచేయదు. అయినా చేయదగిన పనే. 18 దాటినవాళ్లకు ఇలాంటిదే ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అని ఉంది.

ఒక పెద్దవాళ్లకు మాత్రం ఈ రోజే చెప్పాలి. అమ్మానాన్నలకు నేరుగా చెప్పలేకపోతే బాబాయో, పిన్నో, మీ బడిలో ఒక టీచరో ముందుండి ఇంట్లో చెబుతారు. వాడి పక్కన నువ్వు కూడా వెళ్లు. నిద్ర లేదన్నావు. ఒకవేళ బతకాలని లేదన్నట్టు ఒక్క మాట అన్నా, వాడు వద్దన్నా సరే, ఆ క్షణమే పెద్దవాళ్లను పిలువు. వాణ్ని ఒంటరిగా వదలొద్దు. అది మాట తప్పడం కాదు.

ఈ పేజీ చదివే టీచర్లకు ఒక ముఖ్యమైన మాట. ఇలాంటి కేసు మీ దగ్గరికి వస్తే, ‘ఏదీ, ఆ ఫోటో నాకు పంపు’ అనకండి. చూడకండి, సేవ్ చేయకండి, ఇంకో టీచర్‌కు ఫార్వర్డ్ చేయకండి. మైనర్ల అలాంటి చిత్రాన్ని దగ్గర ఉంచుకోవడం చాలా దేశాల్లో నేరం. పైగా ఆ బిడ్డకు మరో అవమానం. మాటల్లో వింటే చాలు. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు ఆ బిడ్డ ఫోన్‌లోనే ఉండనిచ్చి, పోలీసులకు అక్కడి నుంచే చూపించండి.

ప్రశ్న: మా మనవళ్లు ఏది చూసినా నిజమే అంటారు. ఏఐ వచ్చాక మరీను. సైటు చూడడానికి బాగుంది కాబట్టి నమ్మొచ్చంటారు. బడిలో ఇది నేర్పడానికి పద్ధతి ఏదైనా ఉందా? – రిటైర్డ్ లైబ్రేరియన్

జవాబు: ఉందండీ, లైబ్రేరియన్‌గా మీకు అది వెంటనే నచ్చుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ 2017లో చరిత్ర ప్రొఫెసర్లకు, విద్యార్థులకు, వృత్తిగా నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్ చెకర్లకు కొన్ని సైట్లు చూపించి ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. ప్రొఫెసర్లు, విద్యార్థులు ఆ పేజీనే కిందికీ పైకీ శ్రద్ధగా చదివారు, లోగో చూసి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు ఆ పేజీలో ఎక్కువసేపు ఉండలేదు. కొత్త ట్యాబ్‌లు తెరిచి, ‘ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారు?’ అని వెతికి, తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పారు.

క్లాసులో దీనికి మంచి సరుకు చెట్టు ఆక్టోపస్. అమెరికా వాయవ్య తీరపు అడవుల్లో చెట్లెక్కే ఆక్టోపస్ ఉందని, అంతరించిపోతోందని చెప్పే ఒక సైటును 1998లో సరదాకు తయారు చేశారు. ఇప్పటికీ బడుల్లో వాడుతుంటారు. కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడో తరగతి పిల్లలకు దాన్ని చూపిస్తే దాదాపు అందరూ నమ్మారు. మీ మనవళ్లకు ఆ పేజీ ఇచ్చి ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత రెండో ట్యాబ్ తెరవమనండి. మొదటి వెతుకులాటలోనే గుట్టు బయటపడుతుంది. వాళ్ల చేత్తో వాళ్లు కనిపెట్టిన ఆ నిమిషం మనం చెప్పే ఏ నీతికన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఫోటోలకైతే రివర్స్ ఇమేజ్ సెర్చ్, అంటే ఫోటోనే ఇచ్చి అది ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతకడం నేర్పండి. వరద నీళ్లలో హైవే మీద సొరచేప ఈదుతున్న ఫోటో 2011లో ఐరీన్ తుపాను సమయంలో తిరిగింది. ఆ తర్వాత వేరే వేరే తుపాన్లకు, వేరే వేరే ఊళ్ల పేర్లతో మళ్లీ మళ్లీ వచ్చింది. పాత ఫోటోకు కొత్త ఊరు తగిలించడం ఏఐ రాకముందు నుంచీ ఉన్న విద్యే. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు కనబడితే ఆ మెసేజ్ ఐదు చేతులైనా మారి వచ్చిందని అర్థం. మొదట రాసినవాళ్లెవరో పంపినవాళ్లకు కూడా తెలియదు.

ఏఐ చాట్‌బాట్ల గురించి పిల్లలకు చెప్పవలసింది: అది తడుముకోకుండా మాట్లాడుతుంది, తెలిసినప్పుడూ అంతే ధీమా, కల్పించినప్పుడూ అంతే ధీమా. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. అలాంటి కేసులే లేవని జడ్జి తేల్చి 5000 డాలర్ల జరిమానా వేశారు. చదువుకున్న లాయర్లే అలా చేశారంటే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. హోంవర్క్‌కు వాడుకుంటే వాడుకోమనండి, కానీ అది చెప్పిన ఒక పుస్తకం పేరో, తేదీయో, అంకెయో వేరేచోట సరిచూసి, ఎక్కడ చూశారో పక్కన రాసి తెమ్మనండి. వాళ్లు వెతుకుతున్నప్పుడు పక్కన కూర్చోండి. మీలాంటి లైబ్రేరియన్ తాతయ్య దొరకడం ఆ పిల్లల అదృష్టం.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. పుట్టిన సంవత్సరాన్ని మార్చేసి అకౌంట్ తెరిచింది. క్లాసులో అందరూ అలాగే చేశారంటోంది. పెద్ద తప్పా? – ఒక తల్లి

జవాబు: చాలా యాప్‌లు 13 ఏళ్ల నిబంధన పెట్టడానికి మూలం 1998లో అమెరికా చేసిన కొప్పా చట్టం. 13 లోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని అది చెబుతుంది. కాబట్టి ఆ అంకె పిల్లలకు తెలివి వచ్చే వయసేమీ కాదు. అయినా అబద్ధపు వయసుతో అసలు ఇబ్బంది ఒకటుంది. టీనేజర్ల కోసం యాప్‌లు కొన్ని రక్షణలు పెడతాయి: అకౌంట్ ప్రైవేట్‌గా ఉండడం, తెలియని పెద్దవాళ్ల మెసేజ్‌లు ఆపడం లాంటివి. పాప పద్దెనిమిది అని చెప్పి ఉంటే అవేవీ తనకు వర్తించవు. తిట్టకుండా పక్కన కూర్చుని, ఏ సంవత్సరం పెట్టిందో చూడండి. నా సలహా ఆ అకౌంట్ మూసేసి, 13 నిండాక అసలు పుట్టినరోజుతో, మీరూ తనూ కలిసి కొత్తది తెరవడం. ‘అందరూ చేశారు’ అంటోంది కదా, ఆ అందరి తల్లుల్లో ఒకరిద్దరితో మాట్లాడండి. నలుగురు ఒకే మాట మీద ఉంటే ఏ పిల్లా ఒంటరినయ్యాననుకోదు.

ప్రశ్న: మేడమ్, మా టీచర్లు మా ఫోటోలు అడక్కుండా స్టేటస్‌లో, స్కూల్ పేజీలో పెట్టేస్తారు. మాకేమో ‘ఎవరి ఫోటో అయినా అడిగి పెట్టాలి’ అని పాఠం చెబుతారు. తీసేయమంటే ఎదురు మాట్లాడినట్టా? – ఎనిమిదో తరగతి విద్యార్థిని

జవాబు: కాదమ్మా. నీ ఫోటో గురించి నువ్వు అడగడం ఎదురు మాట్లాడడం కానే కాదు. నువ్వు పాఠం బాగా విన్నావని నేనైతే సంతోషిస్తాను.

టీచర్లారా, ఈ అమ్మాయి చెప్పింది నిజం. బహుమతి తీసుకున్న బిడ్డ ఫోటో పెట్టాలనే మన ఆనందం నాకూ తెలుసు. పెట్టే ముందు ఆ బిడ్డను ఒక్క మాట అడగండి. అడ్మిషన్ ఫారంలో తల్లిదండ్రులు ఎప్పుడో పెట్టిన సంతకం ఈ రోజు ఈ ఫోటోకు సరిపోదు. వద్దంటే కారణం అడక్కండి. పెట్టేటప్పుడు పూర్తి పేరు, తరగతి, సెక్షన్ మూడూ కలిపి రాయకండి, ఐడీ కార్డు కనిపించకుండా చూడండి. వ్యక్తిగత స్టేటస్‌లో కన్నా బడి పేజీలో పెట్టడం మంచిది, అక్కడైతే అడిగి తీయించే మార్గం ఉంటుంది. విద్యార్థుల ఫ్రెండ్ రిక్వెస్టులు కూడా వ్యక్తిగత అకౌంట్‌లో తీసుకోవద్దు. చదువు సంగతులకు బడి గ్రూపు ఉంది.

నువ్వు మాత్రం క్లాసు మధ్యలో కాకుండా, టీచర్ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, ‘మిస్, ఆ ఫోటో అందరూ చూడడం నాకు ఇబ్బందిగా ఉంది, తీసేస్తారా? ఇంకోసారి ముందే అడిగితే చెబుతాను’ అను. మొహమాటంగా ఉంటే ఒక స్నేహితురాలిని వెంట తీసుకెళ్లు. రెండు రోజుల్లో తీయకపోతే అమ్మ చేత డైరీలో ఒక లైను రాయించు.